రాజీ కూడు వద్దన్న తిరుపాలమ్మ

తిరుపాలమ్మను నేను మొదట చూసింది పులివెందుల బస్టాండులో. అప్పుడు నేను పులివెందుల నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు పోయే బస్సులో కండక్టరుని. నలభై ఏళ్ళ మనిషి, ఎండకు కాగిన మొహం, చంకలో బట్టల మూట. ఆమె వెనకాలే ఒక హమాలీ రాగులు విసిరే తిరగలిని మోసుకొచ్చి బస్సులో దించి పోయాడు. దానికి లగేజీ టికెట్ తీసుకోవాలన్నాను.

“తీసుకుంటాలే నాయనా. కానీ దాని మింద ఎవురూ కాలు పెట్టగూడదు. నన్ను ఇంగ బతికించేది అదే” అంది.

ప్రొద్దుటూరు చేరేదాకా తిరగలి మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. అది తొంభై రెండో సంవత్సరం. ఆ తర్వాత ఆమె పెట్టిన సంగటి అంగట్లో నేను పదిహేనేళ్ళు అన్నం తిన్నాను. ఆమె బతుకులో కొంత ఆమే చెప్పింది, కొంత ఆ అంగట్లో ఆమెతో కలిసి వండే ఖాతూన్‌బీ చెప్పింది, కొంత నా కళ్ళతో చూశాను.

ఆమెది సింహాద్రిపురం దగ్గర చిన్న పల్లె. గొర్రెల కాపరుల ఇల్లు. మొగుడు గోవిందు, ఆమె కలిసి ఎనభై జీవాలను మేపేవాళ్ళు. తిరుపాలమ్మకు ప్రతి గొర్రె మొహమూ గుర్తే. చీకట్లో అరుపు విని ఇది ఫలానా గొర్రె అని చెప్పగలిగేది. అట్లాగని మాంసం ముట్టని ఇల్లేమీ కాదు. పండగకు, జాతరకు, చుట్టం వస్తే ఏటను, అంటే పొట్టేలునో మేకపోతునో, కోసేవాళ్ళు. ఊర్లో తలకాయ కూర వండాలంటే ఆమె తర్వాతే ఎవరైనా అని పేరు.

ఊరు రెండు వర్గాలుగా ఉండేది. గోవిందు వాళ్ళు ఒక నాయకుడి వైపు. ఆయన్ను ఊరంతా పెద్దాయన అనేది. ఆయన ఇంటి నుంచి మనిషి వచ్చి “ఒక పొట్టేలు కావాలంట” అంటే తోలుకుపోయి ఇచ్చి రావాల్సిందే. ఆ ఇంట్లో కూర ఉడికిందంటే వర్గం మగవాళ్ళంతా పోయి తినాలి. తిన్నవాడు పిలిచినప్పుడు జీపు ఎక్కాలి. ఈ లెక్క ఎవరూ నోటితో చెప్పరు, కానీ అందరికీ తెలుసు.

ఎనభై తొమ్మిది ఎన్నికలు అయిన కొద్ది రోజులకు పెద్దాయన ఇంటి నుంచి మళ్ళీ కబురొచ్చింది. తిరుపాలమ్మే పొట్టేలును తోలుకుపోయి ఆ ఇంటి గుంజకు కట్టి వచ్చింది. మరుసటి పొద్దున గోవిందు అక్కడ సంగటి, కూర తిని పదిమందితో పాటు జీపు ఎక్కాడు. వీరపునాయునిపల్లె దారిలో ఒక కల్వర్టు దగ్గర అవతలి వర్గం వాళ్ళు నాటు బాంబులు వేశారు. ముగ్గురు పోయారు. అందులో గోవిందు ఒకడు. నెల తిరక్కుండా అవతలి వైపు ఇద్దరిని చంపారు. అందులో చిన్నసుబ్బమ్మ అనే ఆమె మొగుడు ఉన్నాడు. చిన్నసుబ్బమ్మ, తిరుపాలమ్మ చిన్నప్పుడు ఒకే చేలో కలుపు తీసినవాళ్ళు.

తర్వాత రెండేళ్ళకు రాజీ కుదిరింది. కేసుల ఖర్చులు ఎక్కువై, పైనుంచి పార్టీ వాళ్ళు చెప్పి, రెండు వైపులా పెద్దలు ఒప్పుకున్నారు. రాజీ అంటే విందు ఉండాలి. పెద్దాయన చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, పన్నెండు ఏటలు కోశారు. అందులో నాలుగు తిరుపాలమ్మ మందలోవి. ఆమెను అడగకుండానే బావ సంజీవయ్య తోలుకుపోయాడు. అందులో నల్లచెవుల పొట్టేలు ఒకటుంది. తల్లి చచ్చిపోతే దానికి మేకపాలు తాపి, తన కోకకొంగులో పడుకోబెట్టుకుని పెంచింది.

తోటలో బంతులు వేశారు. రెండు వైపుల వాళ్ళు ఒకే బంతిలో తింటే పగ తీరినట్టు. మొదటి వరసలో అందరికీ కనిపించేటట్టు ఇద్దరు ముండమోసిన ఆడవాళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టారు. తిరుపాలమ్మ, చిన్నసుబ్బమ్మ. పెద్దాయన స్వయంగా గరిటె పట్టి వాళ్ళ ఆకుల్లో కూర వడ్డించాడు.

“తినమ్మా తిరుపాలూ. ఈ పొద్దుతో పగలన్నీ తీరిపాయె. మీ ఇద్దరూ తింటే ఊరంతా తిన్నట్టే” అన్నాడు.

“నేను తినను పెద్దాయనా.”

“ఏం, వొంట్లో బాగాలేదా?”

“బాగుండాది. మాంసం ఇడిచిపెట్టినా.”

“ఎప్పటినుంచి?”

“ఇప్పటినుంచే.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. “బాపనోళ్ళలో కలిసిపోయినావేందిమే?” అని ఒకడు వెనకనుంచి అరిచాడు. తిరుపాలమ్మ నవ్వలేదు. వాడి వైపు తిరగలేదు కూడా. పెద్దాయన మొహం చూస్తూనే చెప్పింది.

“నా మొగుడు మీ ఇంట్లో కూర తిని జీపెక్కినాడు. ఈయమ్మ మొగుడు వాండ్ల ఇంట్లో తిని కొడవలి పట్టినాడు. మీ రెండు పక్కల పెద్దలూ ఏటను కోసినపుడల్లా మా ఇండ్లలో ఎవురో ఒకరు పోతాండారు. మీ కూరకు విశ్వాసం చూపిచ్చేదానికి మా ఇంట్లో ఇంగ మొగోళ్ళు లేరు. అందుకే ఇడిచిపెట్టినా.”

ఆకును అట్లాగే మడిచింది. బంతిలో అందరూ లేవకముందే, తినని ఆకు మడిచి లేచిపోవడం వడ్డించినవాడి మొహాన కొట్టినంత పని. చిన్నసుబ్బమ్మ చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. తిరుపాలమ్మ చీనీ చెట్ల మధ్యలో నడుచుకుంటూ ఇంటికి పోయింది. ఆమెను ఎవరూ ఆపలేదు.

“ముందు అనుకోని పోయినావా అక్కా?” అని నేను చాలా ఏళ్ళ తర్వాత అడిగాను.

“లేదప్పా. కూర్చున్నంతసేపూ తినాలనే అనుకున్యా. వాసన కూడా బాగా వస్తాండె. ఆయప్ప గరిటె తీసుకొని వచ్చి ‘ఊరంతా తిన్నట్టే’ అన్యాడు సూడు, ఆ మాటతో ఆ కూర మింద మనసు ఇరిగిపాయె. నోట్లోంచి ఇడిచిపెట్టినాననే మాట వచ్చేసినాది. ఇంగ దాన్ని నిలబెట్టుకోవాల గదా.”

నిలబెట్టుకోవడమే కష్టమైంది. మొదటి ఏడాది పక్కింట్లో మసాలా నూరితే ఆమెకు నోరూరేది. “ఇడిచిపెట్టినానని మనుషులకు చెప్పినా, నాలుకకు ఎవురు చెప్పాల?” అనేది. అప్పుడు పోయి గొర్రెల దొడ్లో కూర్చునేది. అవి వచ్చి ఆమె చేతులు నాకేవి. అక్కడ కూర్చుని కూర్చుని, మొగుడి మీద దుఃఖంతో, పెద్దాయన మీద కోపంతో మొదలుపెట్టిన పని మెల్లగా ఇంకో పని అయింది. ఒకప్పుడు తన చేత్తోనే పట్టుకుని కోయించిన జీవాల కళ్ళు గుర్తొచ్చేవని చెప్పింది.

ఊరు మాత్రం దాన్ని పెద్దాయన మీద తిరుగుబాటుగానే చూసింది. నిజానికి మొదట అదే కదా. సంజీవయ్య ఇంటికొచ్చి బతిమాలాడు.

“ఒక్క తునక. పెద్దాయన ఎదురుగా ఒక్క తునక నోట్లో ఏసుకో. అంతటితో సరిపోతాది.”

“ఒక్క తునకే గదా బావా. అంత చిన్నదానికి ఆయప్పకు అంత పట్టుదల ఎందుకు?”

గంగమ్మ జాతరకు ఆమె ఏటను ఇవ్వకుండా పొంగలి పెట్టి కొబ్బరికాయ కొట్టింది. అమ్మవారికి కోపమొస్తుందని ముసలివాళ్ళు బెదిరిస్తే, “గంగమ్మతో నేను మాట్లాడుకుంటాలే, మీరు గమ్మునుండండి” అంది. ఆ తర్వాత పెద్దాయన మనుషులు ఆమె చేనికి బోరు నీళ్ళు ఆపేశారు. ఆమె మందను బీడులోకి రానివ్వలేదు. గొర్రెలు బక్కచిక్కిపోతుంటే చూడలేక అమ్మేయాలనుకుంది.

ప్రొద్దుటూరు నుంచి ఇస్మాయిల్ అనే జీవాల వ్యాపారి వచ్చాడు. మాంసం కొట్టు కూడా అతనిదే. తిరుపాలమ్మ అతన్ని సూటిగా అడిగింది.

“కోస్తావా, పెంచుతావా?”

“పొట్టేళ్ళను కోస్తానమ్మా. ఈనే గొర్రెలను గండికోట కాడ మా దోస్తు మందలో కలుపుతా. పెంచుకుంటానని అబద్ధం చెప్పి బేరం చేసేవాణ్ణి కాదు.”

ఆ నిజం ఆమెకు నచ్చింది. మందను అతనికే అమ్మినా, మూడు రోజులు అన్నం దిగలేదు. ఈ అమ్మకం గురించి తర్వాత చాలామంది ఆమెను ఎత్తిపొడిచారు. మాంసం వదిలిన మనిషివి, నువ్వు అమ్మిన పొట్టేళ్ళను ఎవరు తిన్నారమ్మా అని. ఆమె ఎప్పుడూ తప్పించుకోలేదు. “జనం తిన్యారు. ఆ పాపం నాదే. కడిగేసుకున్యానని నేనెప్పుడన్నా అన్యానా?” అనేది.

ఇస్మాయిల్ ఇంటికి వీధి వైపు ఒక గది ఖాళీగా ఉండేది. ఊరొదిలి వస్తే అది ఇస్తానన్నాడు. అట్లా ఆమె తిరగలితో నా బస్సు ఎక్కింది.

ఆ గదిలోనే అంగడి పెట్టింది. రాగి సంగటి, శెనక్కాయల ఊరుమిండి అనే పచ్చడి, గోగాకు (గోంగూర) పుల్లగూర పప్పు, ఉలవచారు, మజ్జిగ. అంతే. ఇస్మాయిల్ భార్య ఖాతూన్‌బీ ఊరికే చూడ్డానికి వచ్చి ఆకుకూర తరగడం మొదలుపెట్టింది. ఆరు నెలలకు సంగటి కెలకడంలో తిరుపాలమ్మను మించిపోయింది. వెనక ఇంట్లో మాంసం ఉడికేది, ముందు గదిలో పప్పు ఉడికేది. రంజాన్ నాడు తిరుపాలమ్మ వెనక ఇంట్లోకి పోయి సేమ్యా పాయసం తాగి వచ్చేది. “మీ ఇంట్లో నువ్వు తిను. నా పొయ్యి మింద మాత్రం ఎక్కదు” అని ఖాతూన్‌బీతో మొదటి రోజే చెప్పుకుంది. వాళ్ళిద్దరి మధ్య ఆ మాట మీద ఎన్నడూ గొడవ రాలేదు.

హమాలీలు, మగ్గాల వాళ్ళు, మా బస్సుల వాళ్ళు వచ్చేవాళ్ళు. కోర్టు వాయిదాలకు పులివెందుల, జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే రెండు వర్గాల మనుషులూ వచ్చేవాళ్ళు. ఒకసారి ఒకతను రుమాల్లో ఏదో చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు. తిరుపాలమ్మ చూసింది. “దాన్ని యాడన్నా పెట్టి రాపో. ఈడ తినేవాండ్లు దేన్నీ కోసే పని లేదు” అంది. అతను నా కళ్ళముందే లేచి పోయి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

ఇంకోసారి ఒక కాలేజీ లెక్చరరు మజ్జిగ తాగుతూ, “దూడ తాగాల్సిన పాలమ్మా ఇవి. మరి ఇది తప్పు కాదా?” అని పొడిచాడు.

“తప్పేనేమో సామీ. అంత దూరం పోలేకపోయినా. పోయినంత దూరం పోయినా. నువ్వు యాడున్నావు?”

లెక్చరరు నవ్వేసి గ్లాసు కింద పెట్టాడు.

తొంభై ఏడులో ప్రొద్దుటూరులో కొందరు వ్యాపారస్తులు ఒక శాకాహార సంఘం పెట్టుకున్నారు. ఆమె సంగతి విని సన్మానం చేస్తామన్నారు. నాకు ఆ రోజు సెలవు, నేనూ పోయాను. వేదిక మీద ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. సంఘం అధ్యక్షుడు మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు.

“మాంసం తినే కులంలో పుట్టి కూడా ఈ తల్లి పవిత్రురాలై మన దారికి వచ్చింది. ఇప్పుడామె ఉన్న చోటు మంచిది కాదు. కసాయి ఇంటి గది, ఇతరుల చేతి వంట. మన సంఘం ఆమెకు శుద్ధమైన చోట మంచి అంగడి ఇస్తుంది. వంటకు మన మనుషులనే పెడుతుంది” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

తిరుపాలమ్మ లేచి మైకు దగ్గరికి వచ్చింది.

“అయ్యా, మా యమ్మ సచ్చిందాకా మాంసం తినింది. మా యమ్మ మీ యమ్మకంటే తక్కువ మనిషి కాదు. నేను పవిత్రం కోసరం ఇడిచిపెట్టలే. మా ఊర్లో ఒగాయన కూర పెట్టి, నా మనుషులు మీరు అన్యాడు. నేను వద్దన్యా. ఇప్పుడు మీరు పప్పు పెట్టి అదే మాట అంటాండారు. దీన్నీ వద్దంటాండా. ఖాతూన్‌బీ కెలికిన సంగటి తినగలిగేవాండ్లు మా అంగడికి రాండి. తినలేనోళ్ళు మీ ఇండ్లలో సల్లగా తినండి.”

శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచి దిగి వచ్చింది. నేను ఆమె వెనకాలే బయటికి వచ్చాను. వీధిలోకి రాగానే, “ఎక్కువ మాట్లాడినానా?” అని అడిగింది. లేదన్నాను. “ఇంగ రెండు మాటలు మిగిలిపోయినాయి” అంది.

వారం తిరక్కుండా ఒక పుకారు పుట్టింది. ఆ అంగడి పప్పులో బొక్కల నీళ్ళు, అంటే ఎముకలు ఉడికించిన నీళ్ళు, పోస్తారని. గిరాకీ మూడోవంతు పడిపోయింది. ఖాతూన్‌బీ ఏడ్చింది. “నేను రానులే అక్కా. నా వల్ల నీ అంగడి మూత పడొద్దు” అంది. తిరుపాలమ్మ మరుసటి పొద్దున పొయ్యిలు రెండూ తీసుకొచ్చి వీధి అరుగు మీద పెట్టించింది. ఖాతూన్‌బీని పొయ్యి ముందు కూర్చోబెట్టి, “ఊరంతా సూడనీ, నువ్వేం ఏస్తాండావో” అంది. ఆ రోజు నుంచి అక్కడ వంట అంతా వీధిలోనే. ఉప్పు వేసినా, చింతపండు పిసికినా దారిన పోయేవాళ్ళకు కనపడేది. పుకారు ఒక నెల బతికి చచ్చిపోయింది. పోయిన వాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు. రానివాళ్ళ గురించి ఆమె ఎప్పుడూ అడగలేదు.

తొంభై తొమ్మిది ఎన్నికలకు వారం ముందు ఒక పార్టీ మనుషులు జీపులో వచ్చారు. ఏ పార్టీ అనేది ఇక్కడ అనవసరం, రెండో పార్టీ వాళ్ళు ముందు రోజే ఇంకో అంగడి పట్టుకున్నారు. పోలింగు అయ్యేదాకా తమ కుర్రాళ్ళకు మూడు పూటలా మాంసం, అన్నం అక్కడే వండాలన్నారు. అడిగినంత ఇస్తామన్నారు.

“సంగటి కావాలంటే ఎంతమందికైనా పెడతా. మాంసం వండను” అంది తిరుపాలమ్మ.

ఇస్మాయిల్ కూడా భయపడ్డాడు. “వారం రోజులే గదక్కా. మాంసం నేనే తెస్తా, వంటకు మనిషిని పెడతా. నువ్వు ముట్టొద్దు” అన్నాడు.

“ఈడ ఏట ఉడికితే, తిన్యోళ్ళు లేచి యాడికి పోతారో నాకు తెలుసు ఇస్మాయిలూ. నా మొగుడు పోయినాడు ఆ దారిన. ఎవురి బిడ్డల్నీ నా అరుగు మింద నుంచి ఆ జీపు ఎక్కియ్యను.”

జీపులోంచి దిగినవాడు సంగటి కుండను కాలితో తన్నాడు. ఇంకో ఇద్దరు ఉలవచారు కుండ, నీళ్ళ కాగులు పగలగొట్టి పోయారు. వేడి చారు ఖాతూన్‌బీ పాదం మీద పడి బొబ్బలెక్కింది.

నేను మరుసటి పొద్దున బస్సు దిగి వచ్చేసరికి అరుగంతా పెంకులు. తిరుపాలమ్మ వాటి మధ్యలో తిరగలి వేసుకుని కూర్చుని రాగులు విసురుతోంది. పక్కన ఖాతూన్‌బీ పాదానికి గుడ్డ కట్టుకుని గోగాకు తుంచుతోంది. కుండలు లేవు కదా, దేంట్లో వండుతారు అన్నాను. “పిండి అయ్యేలోపల కుండలొస్తాయిలే” అంది. వచ్చాయి. హమాలీలు ఇంటికొక కుండో, సత్తు గిన్నో తెచ్చి అరుగు మీద పెట్టారు. మగ్గాల వీధి నుంచి ఒక ముసలాయన పెళ్ళిళ్ళ గంగాళం మోయించుకుని వచ్చాడు. ఆ మధ్యాహ్నం మామూలుకంటే ఎక్కువమంది తిన్నారు. పార్టీ వాళ్ళు పోలింగు దాకా ఆ వీధిలో జీపులో తిరిగారు గానీ ఆ అరుగు దగ్గర ఆగలేదు.

తర్వాత ఏళ్ళు కొంచెం నిమ్మళంగా గడిచాయి. రెండు వేల ఆరులో తిరుపాలమ్మ బావి దగ్గర జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, రక్తం తక్కువగా ఉంది, కొన్నాళ్ళు బొక్కల సూపు తాగితే తొందరగా లేస్తావని చెప్పాడు. ఆ సాయంత్రమే ఖాతూన్‌బీ చెంబు నిండా సూపు కాచి తెచ్చింది. నేను మంచం పక్కనే ఉన్నాను.

“మందు అనుకో అక్కా. మందుకు నియమం ఉండదు. మా రోజా ఉపవాసంలో కూడా జబ్బు మనిషికి మినహాయింపు ఉండాది” అంది ఖాతూన్‌బీ.

“నాకు నియమం ఎవురు పెట్టినారు, మినహాయింపు ఇచ్చేదానికి?”

“ఇంగా ఆ పెద్దాయన మీద పంతమేనా? ఆయన చచ్చి కూడా ఆరేండ్లాయె. ఎవురి మీద గెలుస్తావు ఇప్పుడు?”

తిరుపాలమ్మ చెంబును పక్కకు జరిపింది.

“పంతంతోనే మొదలుపెట్టినా ఖాతూనూ. ఆయప్ప పోయినాడు, పంతమూ పోయినాది. అయినా తినబుద్ధి కాలే. ఎనభై మొగాలు గుర్తుండాయి నాకు. అవి నన్ను నమ్మినాయి. నేను తోలుకపోతాంటే మేతకు అనుకున్యాయి. ఇప్పుడు నా కాలు కోసరం ఇంగొకదాని కాలు అడగమంటాండావు. నా కాలు నాకు శానా ఇష్టమే. అంత ఇష్టం లేదు.”

ఖాతూన్‌బీ కోపంగా చెంబు ఎత్తి, “అయితే నేనే తాగుతా” అని అక్కడే స్టూలు మీద కూర్చుని తాగేసింది. తాగి, మూతి తుడుచుకుని, లేచి పోయి మునగాకు పప్పు, రాగి జావ తెచ్చి తిరుపాలమ్మకు చెంచాతో తినిపించింది. నాలుగు నెలలు ప్రతి పూటా అదే పని చేసింది.

తిరుపాలమ్మ ఐదో నెలలో లేచింది. ఎముక సరిగ్గా అతకక ఒక కాలు కురచైంది. చేతికర్ర పట్టుకుని కుంటుతూ మళ్ళీ అరుగు మీదికి వచ్చి కూర్చుంది. వచ్చిన మొదటి రోజే పాత గిరాకీ ఒకతను తింటూ తింటూ, “ఆ సూపేదో తాగింటే ఈ కుంటు ఉండేది కాదు గదమ్మా” అన్నాడు.

తిరుపాలమ్మ కర్ర గోడకు ఆనించి, గరిటె తీసుకుని అతని ఆకు దగ్గరికి కుంటుకుంటూ పోయింది.

“కుంటుకుంటానే వడ్డిస్తాండా గదప్పా. సంగటి ఉడుకుగా ఉండాదా లేదా? అది చెప్పు ముందు.”

“ఉండాదమ్మా” అన్నాడతను.

“అయితే తిను” అని, అతని ఆకులో ఇంకొక ముద్ద వేసింది.